అప్పుడు పైసలకు ప్రయోగం, ఇప్పుడు పైసలిచ్చి ప్రయోగం

తెల్లారగట్ల ఐదింటికి ఏ మండల కేంద్రంల హైస్కూల్ గ్రౌండుకు పోయినా పిల్లలు ఉరుకుతనే కనిపిస్తరు. కానిస్టేబుల్ కొలువైనా, అగ్నివీరైనా మగపిల్లలకు 1600 మీటర్లు తప్పదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో తెల్వదు, వచ్చినంక టైం ఉండదు. అందుకే నెలల తరబడి ఉరుకుడే. ఉరికి ఉరికి మోకాలు పట్టేస్తది, పిక్క ఎముక సలుపుతది, మడమ వెనుక నరం గుంజుతది. ఈ నొప్పి మీదనే ఇప్పుడు కొత్త యాపారం లేసింది.

ఫోన్ తెరిస్తే రీల్స్‌ల కండలు పెంచినోడు ఒకడు చిన్న సీసా చూపిస్తడు. "బీపీసీ-157 తీసుకో, పది రోజుల్ల మోకాలు సెట్" అంటడు. ఇంకొకడు "టీబీ-500 కూడా కలుపు" అంటడు. మొఖం మీద మచ్చలకు, జుట్టుకు "జీహెచ్‌కే కాపర్" అని ఇంకొకరు. వీటన్నిటికీ కలిపి పెట్టిన పేరు పెప్టైడ్లు. ఇంట్లనే నీళ్లు కలిపి, ఇన్సులిన్ సిరంజితోని పొట్ట మీద సొంతంగ పొడుచుకొమ్మని నేర్పుతున్నరు. అమెరికాల పుట్టిన ఈ మోజు మన పట్నం జిమ్ముల దాకా వచ్చింది. పట్నంల ఉన్నది ఊరికి రానీకి ఈ కాలంల ఎన్ని రోజులు పడ్తది?

నేను చెప్పేది ఒక్కటే ముచ్చట. దీన్ని వైద్యం అనుకోవద్దు, ఇది ప్రయోగం. ఆ ప్రయోగంల ఎలుకవు నువ్వే, ఖర్చు పెట్టేది నువ్వే. ఏమన్న అయితే అడగనీకి అవతల ఎవ్వడూ ఉండడు.

పెప్టైడ్ అంటే భయపడే పదం కాదు

ముందు ఒకటి సాఫ్ జేసుకుందాం. పెప్టైడ్ అంటే విషం కాదు. మన ఒంట్ల ప్రోటీన్లు అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న పూసలతోని కట్టిన దండలు. పొడుగు దండ అయితే ప్రోటీన్, పొట్టి దండ అయితే పెప్టైడ్. షుగర్ ఉన్నోళ్లు రోజూ తీసుకునే ఇన్సులిన్ 51 పూసల దండ. 1921ల కెనడాల కనిపెట్టిండ్రు, అప్పటికెల్లి కోట్ల పానాలు నిలబెట్టింది. బరువు తగ్గుతందుకు ఇప్పుడు అందరి నోట్ల నానుతున్న సెమాగ్లుటైడ్ కూడా పెప్టైడే. కాబట్టి "పెప్టైడ్లన్నీ మోసం" అంటే అది తప్పు మాట. "ఇన్సులిన్ పెప్టైడే కదా, ఇది కూడా గంతే" అంటే అది ఇంకా పెద్ద తప్పు. మేడిపండూ పండే, మామిడిపండూ పండే. లోపలేమున్నదో కోసి చూసినంకనే చెప్పాలె.

బీపీసీ-157 అనేది 15 పూసల దండ. మనిషి కడుపుల ఊరే జఠర రసంల ఉండే ప్రోటీన్‌ల ముక్క అని దాన్ని తీసినోళ్లు చెప్తరు. టీబీ-500 అనేది మన కణాలల్ల ఉండే థైమోసిన్ బీటా-4 అనే ప్రోటీన్ల ఒక చిన్న తునక. గుర్రపు పందేలల్ల దొంగతనంగ వాడి దొరికిన చరిత్ర దీనికున్నది. జీహెచ్‌కే మూడే పూసల దండ, రాగితోని జత కడ్తది. 1973ల లోరెన్ పికార్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త మనిషి రక్తంల గుర్తించిండు. మూడూ ఉత్త గాలి మాటలైతే కాదు. మూడింటి వెనుకా ఎంతో కొంత సైన్స్ ఉన్నది. గా సైన్స్ ఎక్కడి దాకా వచ్చి ఆగిందన్నదే అసలు ప్రశ్న.

కథ ఎలుకల దగ్గరనే ఆగింది

బీపీసీ-157 మీద ఎక్కువ పని చేసింది క్రొయేషియా దేశంల జాగ్రెబ్ యూనివర్సిటీ బృందం. ప్రెడ్రాగ్ సికిరిచ్ అనే ప్రొఫెసర్ 1990ల కెల్లి దీన్నే పట్టుకుని ఉన్నడు. ఎలుక కాలుల మడమ నరం తెంపి ఈ మందు ఇస్తే తొందరగ అతుకుతున్నదని, గాయం దగ్గర కొత్త రక్తనాళాలు మొలుస్తున్నయని పేపర్లు రాసిండ్రు. మంచిదే. కానీ ఎలుకల పనిచేసిన మందులు మనిషి దాకా వచ్చేసరికి బోర్లా పడుడు మందుల చరిత్రల మామూలే.

మరి మనుషుల సంగతేంది? 2015ల 42 మంది ఆరోగ్యవంతుల మీద ఒక ట్రయల్ పెట్టుకున్నరు. ఆ ఫలితాలు ఇప్పటిదాకా అచ్చు కాలే. 2021ల అమెరికాల ఒక క్లినిక్ మోకాలి నొప్పి మీద ఒక పేపర్ తెచ్చింది. అండ్ల ఉన్నది 16 మంది. సూది ఇచ్చినంక ఎట్లున్నదని అడిగిండ్రు, చానమంది తగ్గిందన్నరు. కానీ ఉత్త నీళ్ల సూది ఇచ్చి పోల్చి చూసే గుంపు అండ్ల లేదు. మోకాలు నొప్పి నెలల తరబడి రెస్ట్ ఇస్తే దానంతటదే తగ్గుతది. సూది పడ్డదన్న నమ్మకంతోని కూడా తగ్గుతది. మందుతోనే తగ్గిందని ఎట్ల చెప్తరు?

ఇప్పుడు దీన్ని సెమాగ్లుటైడ్‌తోని పోల్చు. గుండెకు మేలు చేస్తదా లేదా అని తేల్చుకోనీకి చేసిన ఒక్క ట్రయల్‌లనే 17,604 మంది ఉన్నరు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త సూది. ఎవరికేది పడ్డదో ఇచ్చెటోళ్లకూ తెల్వదు, తీసుకునెటోళ్లకూ తెల్వదు. ఏండ్ల తరబడి లెక్క రాసిండ్రు. ఒక దిక్కు 17,604 మంది, ఇంకో దిక్కు 16 మంది. రెండూ పెప్టైడ్లే. తేడా ఇక్కడున్నది.

ఇంకో ముచ్చట. కొత్త రక్తనాళాలు మొలిపించుడు గాయానికి మంచిదే. కానీ ఒంట్ల ఎక్కడన్న కనిపించని గడ్డ ఉంటే, అది పెరగనీకి కూడా రక్తమే కావాలె. బీపీసీ-157తోని క్యాన్సర్ వస్తదని నేను అంటలేను, అట్లని రుజువు లేదు. రాదని చెప్పనీకి కూడా ఎవ్వరూ మనుషులల్ల ఏండ్ల తరబడి చూడలే. అందుకే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023ల దీన్ని భద్రత మీద అనుమానాలున్న పదార్థాల జాబితాల వేసింది. మన దేశంల దీన్ని మందుగ అమ్మనీకి అనుమతి లేదు.

సీసా మీద రాసింది చదివినవా?

ఈ సీసాలు అమ్మెటోళ్లు మస్తు హుషారు. లేబుల్ మీద "పరిశోధన కోసం మాత్రమే, మనుషులు వాడరాదు" అని సన్న అక్షరాలల్ల రాస్తరు. కింద రీల్‌ల మాత్రం మోకాలుకు ఎట్ల పొడుచుకోవాల్నో చూపిస్తరు. ఎందుకీ రెండు నాలుకలు? మందు అని రాస్తే లైసెన్స్ కావాలె, తయారీ ఎట్లున్నదో తనిఖీ చేయించుకోవాలె, నష్టం జరిగితే జవాబు చెప్పాలె. పరిశోధన సామాను అని రాస్తే ఇవన్నీ తప్పుతయని వాళ్ల లెక్క. కానీ మన 1940 డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం మనిషి రోగం తగ్గిస్తదని అమ్మేది ఏదైనా మందే. లేబుల్ మీద ఏం రాసుకున్నా నేరం నేరమే.

"మాది 99 శాతం ప్యూర్, రిపోర్ట్ ఉన్నది" అంటరు. ఆ రిపోర్ట్ నిజమే అనుకుందాం. అది పొడిల పెప్టైడ్ ఎంతున్నదో చెప్తది. సీసాల సూక్ష్మక్రిములు ఉన్నయా, చచ్చిన బ్యాక్టీరియా వదిలిన విషం ఉన్నదా అనేది వేరే పరీక్ష. నోటితోని మింగేదాన్ని కడుపు కొంత అరిగిస్తది, ఆపుతది. సూదితోని పోయేదానికి అడ్డం ఉండదు. మే నెల ఎండల కొరియర్ బండిల ఎన్ని రోజులు ఉడికిందో, కలిపినంక ఇంట్ల కరెంట్ పోతే ఫ్రిజ్‌ల ఎట్లున్నదో ఎవరికెరుక?

2025 జులైల అమెరికాల లాస్ వేగాస్‌ల వయసు తగ్గించుకునేటోళ్ల సదస్సు ఒకటి జరిగింది. అక్కడ పెప్టైడ్ సూదులు తీసుకున్న ఇద్దరు ఆడోళ్లు అదే రోజు పానం మీదికి తెచ్చుకుని వెంటిలేటర్ మీదికి పోయిండ్రు. మళ్ల కోలుకున్నరు. గంట దూరంల పెద్దాసుపత్రి ఉన్న పట్నం కాబట్టి బతికిండ్రు అనుకోవాలె. గదే మన తండాల అయితే? 108 వచ్చేదాకా ఆగుతదా?

జమ్మికుంట యాదికున్నదా?

మందుల ప్రయోగం అనంగనే మన ప్రాంతపోళ్లకు యాదికి రావాల్సిన పేర్లున్నయి. 2011ల గుంటూరు జిల్లా పిడుగురాళ్ల ఆడోళ్లను పైసల ఆశ చూపి హైదరాబాద్ తీసుకపోయి మందుల ప్రయోగాలు చేసిండ్రని లొల్లి లేసింది. 2017ల కరీంనగర్ జిల్లా జమ్మికుంట దిక్కు కూలీలు, పేద యువకులు కొన్ని వేల రూపాయల కోసం ట్రయల్స్‌కు పోతున్న ముచ్చట ఒక యువకుడి చావుతోని బయటపడ్డది. ఆ చావుకు ట్రయలే కారణమా అనేది వేరే వాదన. కానీ ఏ మందు ఒంట్లకు పోతున్నదో తెల్వకుంట, చదవరాని కాగితాల మీద సంతకాలు పెట్టి, అప్పుల కోసం నెత్తురిచ్చి వచ్చిన మన పోరగాళ్ల కథ విన్న ప్రతి ఒక్కరికి కోపమొచ్చింది. రావాలె కూడా.

గా కోపంల కెల్లి, ఎందరో చేసిన కొట్లాటల కెల్లి దేశంల కొన్ని హక్కులు వచ్చినయి. 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఏ ట్రయల్‌కైనా ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలె. నీకు అర్థమయ్యే భాషల చెప్పి సమ్మతి తీసుకోవాలె. కొత్త మందును బలహీన వర్గాల మీద పరీక్షిస్తే ఆ సమ్మతిని వీడియో తీయాలె. ట్రయల్ తోని ఆరోగ్యం చెడితే ఉచితంగ వైద్యం చేయించాలె. పానం పోతే కుటుంబానికి పరిహారం ఇయ్యాలె. ఇవన్నీ పక్కాగ అమలైతున్నయని నేను చెప్తలేను. కనీసం కాగితం మీద ఉన్నయి, పట్టుకుని కొట్లాడొచ్చు.

ఇప్పుడు సీసా కొన్న తమ్ముని సంగతి చూడు. ఎథిక్స్ కమిటీ లేదు. సమ్మతి కాగితం లేదు. రక్త పరీక్ష లేదు. బీమా లేదు, పరిహారం లేదు. జమ్మికుంట పిల్లలకు ఎక్కువ శాతం ఇచ్చినవి అప్పటికే మార్కెట్‌ల ఉన్న మందులకు నకలు మందులు. నువ్వు పొడుచుకునేది ఏ దేశంలా మోకాలుకు మందుగ ఒప్పుకోని పదార్థం. వాళ్లకు ఎదురు పైసలిచ్చిండ్రు. నువ్వు పైసలిచ్చి కొనుక్కుంటున్నవు.

అన్నిటికన్న దారుణం ఇంకోటి. ట్రయల్‌ల నీకు ఏమన్న అయితే అది లెక్కల ఎక్కుతది, రేపు ఇంకొకరి పానం కాపాడుతది. నువ్వు ఇంట్ల పొడుచుకుని మంచం పడితే అది ఏ పుస్తకంల ఎక్కదు. మందు పనిచేసినోడు రీల్ తీస్తడు. చేతికి చీము పట్టినోడు సిగ్గుతోని సప్పుడు చేయడు. అందుకే ఫోన్‌ల చూస్తే అందరికీ నయమైనట్టే కొడ్తది.

కోటీశ్వరులకే దిక్కు లేకపాయె

"మాకు తెలిసిన కోచ్ ఇస్తడు, ఏం కాదు" అనేటోళ్లకు ఒక ముచ్చట. ఆస్ట్రేలియాల ఎసెండన్ అనే పెద్ద ఫుట్‌బాల్ క్లబ్ ఉన్నది. 2012 సీజన్‌ల ఆ క్లబ్ తమ ఆటగాళ్లకు దెబ్బలు తొందరగ మానాలని సూదుల కార్యక్రమం నడిపింది. ఆటగాళ్లు సమ్మతి కాగితాల మీద సంతకాలు పెట్టిండ్రు. తర్వాత విచారణ జరిగింది. 2016 జనవరిల అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం థైమోసిన్ బీటా-4 వాడిండ్రని తేల్చి 34 మంది ఆటగాళ్లను నిషేధించింది. "మాకు చెప్పింది వేరే, అనుమతి ఉన్నదే అన్నరు" అని మొత్తుకున్నా ఇనలే. నీ ఒంట్లకు పోయిందానికి నువ్వే జవాబుదారి అన్నరు. కెప్టెన్ జోబ్ వాట్సన్ 2012ల గెలుచుకున్న బ్రౌన్‌లో మెడల్ కూడా పోయింది. ఎవరికి ఎంత ఇచ్చిండ్రో పక్కా రికార్డే దొరకలే. వకీళ్లు, డాక్టర్లు, పైసలు అన్నీ ఉన్న ఆటగాళ్ల గతి గిట్లున్నది.

బీపీసీ-157ను ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా 2022 కెల్లి నిషేధించింది. కబడ్డీ, అథ్లెటిక్స్, రెజ్లింగ్ ఆడే పిల్లలు ఇది గట్టిగ యాదుంచుకోవాలె. 2024ల మన దేశంల 7,113 శాంపిళ్లు పరీక్షిస్తే 260 పాజిటివ్ వచ్చినయి. పెద్ద దేశాలల్ల ఇంత శాతం ఎక్కడా లేదు. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్న పేదింటి బిడ్డకు ఒక్క సీసాతోని ఏండ్ల తరబడి నిషేధం పడితే మళ్ల లేస్తదా?

మొఖం మీది ప్రయోగం మనకు కొత్త కాదు

చర్మం సంగతికొద్దాం. జీహెచ్‌కే కాపర్‌ను క్రీములల్ల, సీరమ్‌లల్ల కలిపి చానా ఏండ్లకెల్లి అమ్ముతున్నరు. పైన రాసుకుంటే పెద్ద ముప్పు కనిపించలే, కొంత మేలున్నదని చిన్న చిన్న అధ్యయనాలున్నయి. కానీ పైన రాసుకునేది వేరు, సూదితోని ఎక్కించేది వేరు. రీల్స్‌ల ఈ రెండింటినీ కలగలిపి చెప్తున్నరు. సూది రూపంల దీన్ని కూడా ఎఫ్‌డీఏ అనుమానాల జాబితాలనే పెట్టింది.

మన చెల్లెండ్లకు ఇసోంటిది ఒకసారి జరిగింది. తెల్లగైతరని స్టెరాయిడ్ కలిసిన క్రీములు కిరాణం దుకాణంల దాకా వచ్చినయి. మొదటి నెల మొఖం మెరిసింది. తర్వాత చర్మం పలుచబడి, ఎర్రగై, మొటిమలు లేసి, ఎండకు పోతే మంట పుట్టింది. ఆపితే ఇంకా ఎక్కువైంది. చర్మ డాక్టర్లు దీనికి ప్రత్యేకంగ ఒక రోగం పేరు పెట్టాల్సి వచ్చింది. 2018ల గని కేంద్రం ఆ క్రీములను చీటీ లేనిదే అమ్మొద్దనలే. అప్పటికి ఎన్ని మొఖాలు కరాబైనయో లెక్కే లేదు. సర్కారు మేల్కొనేలోపు మార్కెట్ మన తోలు మీద పంట తీసుకుంటది. పెప్టైడ్ల విషయంల కూడా గిదే వరస.

తప్పు పిల్లలదేనా?

పోరగాళ్లను తిట్టి చేతులు దులుపుకుంటే అది పెద్దమనుషుల సోకు. మోకాలు నొప్పితోని ఒక పిల్లగాడు పీహెచ్‌సీకి పోతే ఏమైతది? నొప్పి గోలి ఇచ్చి పంపిస్తరు. ఫిజియోథెరపీ కావాల్నంటే జిల్లా కేంద్రం పోవాలె, వారానికి మూడుసార్లు బస్సు కిరాయి, ఆ రోజు కూలీ పోతది. ప్రైవేట్‌ల స్కానింగ్‌కే వేలు. ఊర్లె ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే స్టెరాయిడ్ సూది, అది ఇంకో గండం. ఇన్ని తలుపులు మూసుకపోయినంక ఫోన్‌ల ఒక తలుపు తెరుచుకుంటే పోకుంట ఉంటడా? కొలువుల క్యాలెండర్ సక్కగ ఉంటే రెండు నెలలు కాలుకు రెస్ట్ ఇచ్చేటోడు. ఎప్పుడొస్తదో తెల్వని నోటిఫికేషన్ కోసం కుంటుకుంటనే ఉరుకుతున్నడు.

"పెద్ద కంపెనీలకు లాభం రాదని తొక్కి పెట్టిండ్రు" అని ఒక వాదన నడుస్తున్నది. మందుల కంపెనీలు లాభం చూసుకుంటయన్నది నిజమే. వాళ్ల మీద నేనే ఎన్నోసార్లు రాసిన. కానీ కంపెనీ దొంగ అయినంత మాత్రాన సీసా అమ్మెటోడు సత్తెకాలపోడు ఐతడా? వాడు కూడా లాభానికే అమ్ముతున్నడు, అదీ పరీక్షల ఖర్చు కూడా పెట్టకుంట. "అమెరికాల కెనడీ పెప్టైడ్ల దిక్కే ఉన్నడు కదా" అని ఇంకొందరు. నిజమే, ఆరోగ్య మంత్రి కాకముందే 2024 అక్టోబర్‌ల ఎఫ్‌డీఏ పెప్టైడ్లను అణగదొక్కుతున్నదని అన్నడు. మంత్రి మాటతోని రూల్ మారొచ్చు, ఎలుక మనిషి కాదు. రుజువు ట్రయల్‌లనే రావాలె.

మరి ఏం చేద్దాం?

ఉరికే పిల్లలు ఇవి పాటించుండ్రి. ఉరుకుడు ఒక్కసారి డబుల్ చేయొద్దు, వారం వారం జర జర పెంచుకోవాలె. సీసీ రోడ్డు మీద కాకుంట మట్టి గ్రౌండ్ల ఉరుకుండ్రి. అరిగిన బూట్లు మార్చుండ్రి. నరం గుంజుతే పూర్తిగ మంచాన పడుడు కాదు, బరువును మెల్లగ అలవాటు చేసే కసరత్తులున్నయి. టెండన్ నొప్పికి ఇప్పటిదాకా గట్టి రుజువున్న వైద్యం అదే, అది ఫుకట్‌కు వస్తది. ఒకసారి ఫిజియోథెరపిస్ట్ దగ్గర సక్కగ నేర్చుకుంటే ఇంట్లనే చేసుకోవచ్చు. మోకాలు వాచినా, లాక్ అయినా, రాత్రి పండుకున్నప్పుడు కూడా ఎముక నొస్తున్నా ఎముకల డాక్టర్‌కు చూపించాలె. ఇప్పటికే సూదులు తీసుకున్నోళ్లు భయపడి దాచొద్దు. ఆపి, డాక్టర్‌కు సీసా చూపించి ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. జ్వరం, ఆయాసం, సూది పడ్డ కాడ వాపు, చీము ఉంటే ఆలస్యం చేయొద్దు.

సర్కారును అడగాల్సినయి కూడా ఉన్నయి. డ్రగ్స్ కంట్రోల్ అధికారులు మెడికల్ షాపుల మీద దాడులు చేసినట్టే ఆన్‌లైన్‌ల, జిమ్ములల్ల అమ్మే ఈ సీసాల మీద చేయాలె. "పరిశోధన కోసం" అన్న లేబుల్ చూసి వెనక్కి తిరిగి రావొద్దు. మండలానికొక ఫిజియోథెరపిస్ట్‌ను పెట్టాలె. పోలీస్ కొలువులకు ఈవెంట్స్ తేదీ కనీసం కొన్ని నెలల ముందు చెప్పాలె. ఈ పెప్టైడ్లల్ల నిజంగ సత్తా ఉంటే, మందుల రాజధానినని చెప్పుకునే హైదరాబాద్‌ల సర్కారు పైసలతోని, పక్కా నిబంధనలతోని ట్రయల్ పెట్టుండ్రి. మనిషికి నయమైతదని తేలితే ముందుగ నేనే రాస్త.

అప్పటిదాకా ఎవడన్న సీసా చేతిల పెడితే మూడు ప్రశ్నలు అడుగు తమ్మీ. ఇది ఎంతమంది మనుషుల మీద పరీక్షించిండ్రు? దీన్ని మందుగ అమ్మనీకి లైసెన్స్ నంబర్ ఏది? రేపు నాకేమన్న అయితే దవాఖాన బిల్లు ఎవరు కడ్తరు? మూడింట్ల ఒక్కదానికి జవాబు రాకపోయినా సీసా వాపస్ ఇచ్చేయ్.